మంగళవారం ఎవరూ రారు

నువ్వేం చూశావో చెప్పమ్మా. వాళ్ళు రాసుకున్నది కాదు, నువ్వు చూసింది.

లేవకు, లేవకు. ఆ బకెట్టు కాస్త పక్కకి జరిపితే ఈ స్టూలు మీద నేనే సర్దుకుంటాను. ఈ మధ్య నా మోకాళ్ళు నన్నడక్కుండానే కూలబడుతున్నాయి. మెట్ల కింద గది ఇది. నీకు వీళ్ళిచ్చిన గది ఇదేనా? చీపుళ్ళకీ నీకూ కలిపి ఒకటేనా? సరే, నేనేం అనను. నేను వచ్చిన పని వేరే.

నేనెవరో తెలుసుగా? ఐదో తరగతి పిల్ల తాతని. అదే, పిల్లలంతా ‘బాంబు’ అని పిలుస్తారే, దానికి. నేను పిట్ట అంటాను. తల్లి తరపు తాతని. తండ్రి తరపు మాట ఎత్తకు. ఫోను నంబరు మార్చేసుకున్నవాళ్ళని తరపు అని ఎలా అంటాం?

పైన మీటింగు జరుగుతోంది. టీ కోసం ఆపారు. మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి మెట్లు దిగాను. టీ అవగానే పిలుస్తారు. వెళ్ళి సంతకం పెట్టాలి. పెడితే పిట్టని తీసుకెళ్ళి ఆ దూరపు హాస్టలు బడిలో వేస్తారు. ఇలాంటి పిల్లల కోసమే కట్టిందట. గోడలకి మంచి మంచి రంగులేశారట. ఫొటో చూపించారు. గోడ ఎంత ఎత్తుందో మాత్రం ఫొటోలో పడలేదు.

ఎందుకు పంపుతున్నారంటే, ఇదిగో, నీ చేతికున్న ఈ కట్టు.

‘ఆయా మీద దాడి చేసింది’ అని చదివారు పైన. దాడి అట. పదేళ్ళ పిల్ల. నేను అడిగాను, మరి ఆ ఆయమ్మ ఏదండీ అని. నిన్ను పిలవాలని ఎవరికీ తోచలేదమ్మా. అందరూ ఏదో ఒక శాఖ తరపున వచ్చారు. నీకు శాఖ లేదు. ఆ రోజు వరండాలో ఉన్నది నువ్వూ అదీ, ఇద్దరే. దాని మాట నమ్మరు. నీ మాట అడగరు. అయినా ఏం జరిగిందో అందరికీ తెలుసు.

నాకిది కొత్త కాదు. మిల్లులో మగ్గాల మీద బతికినవాణ్ణి నేను. లాకౌటు చేసినప్పుడు గేటు తోసిన వాళ్ళలో ముందు వరసలో ఉన్నాను. దెబ్బలు తిన్నాను, ఉద్యోగం పోయింది, సరే, అది పాత గోల. గేటు అవతల ఒక వాచ్‌మన్ ఉండేవాడు. మా వీధివాడే. గొడవయ్యాక కంపెనీ వాళ్ళు తమకి కావలసింది రాసుకుని అతనిచేత వేలిముద్ర వేయించుకున్నారు. ఏం చూశావయ్యా అని అతన్ని ఒక్కరూ అడగలేదు. కంపెనీకీ మాకూ అతను గేటులో ఒక ఇనప చువ్వ. చువ్వని ఎవరైనా సాక్ష్యం అడుగుతారా?

నేను అడగడానికొచ్చాను. చెప్పు.

ఏం, చెప్పొద్దన్నారా? పెద్ద మేడం ఏమైనా అందా? ఆ తల దించుకోవడం నాకు తెలుసమ్మా. ఉద్యోగం పర్మనెంటు కాని మనుషులు అలాగే దించుతారు. సరే. నువ్వు మాట్లాడకపోతే నేను మాట్లాడతాను. కాసేపు వినడానికి నీకేం పోతుంది? టీ చల్లారేదాకానే.

చూడు, అందరిళ్ళకీ చుట్టాలొస్తారు. మా ఇంటికి వారాలొస్తాయి.

అది పెట్టిన పేర్లే అవి. పిల్లల సంక్షేమశాఖ ఆవిడ సోమవారమ్మ. లోపలికి రాగానే వంటింటి అల్మరా తెరిచి చూస్తుంది, స్నానాల గది గడియ లాగి చూస్తుంది. మంచినీళ్ళిస్తే పుచ్చుకోదు. మనసు డాక్టరు బుధవారం. బొమ్మలు గీయిస్తాడు. ఇల్లు గీయమంటే ఇది తలుపు లేకుండా గీసింది. ఆయన ఆ కాగితాన్ని అద్దం పట్టుకున్నట్టు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇక పోలీసాయన శుక్రవారం. ఒకసారి ఇది బడి గేటు దాటి బస్టాండు దాకా వెళ్ళిపోయింది చూడు, అప్పట్నుంచి. మామూలు చొక్కాలో వస్తాడు పాపం, పిల్ల భయపడకూడదని. ఇదేమో, ‘టోపీ ఏదీ అంకుల్? టోపీ లేకపోతే నువ్వు నిజం పోలీసువని నేనెలా నమ్మేది?’ అంటుంది. మరుసటి వారం టోపీ సంచిలో పెట్టుకొచ్చి చూపించాడు. మంచివాళ్ళే అమ్మా. విడివిడిగా చూస్తే అందరూ మంచివాళ్ళే.

కానీ ఒక్కొక్కరూ వచ్చి కూర్చుని, ‘మొదట్నించీ చెప్పు తల్లీ’ అంటారు.

మొదట్నించీ అంటే ఏమిటి? వాళ్ళమ్మ పోవడం. మా అమ్మాయి. సోమవారం చెప్పాలి, బుధవారం చెప్పాలి, శుక్రవారం చెప్పాలి. ఆసుపత్రి, ఆ మంచం, ఆ పొద్దున. ఒకరు రాసుకున్నది ఇంకొకరికి ఇవ్వరట. అది రూలు. దాంతో మా ఇంట్లో వాళ్ళమ్మ వారానికి మూడుసార్లు చచ్చిపోతుంది. నేను పక్కగదిలో కూర్చుని వింటాను. నా కూతురే కదా. నన్ను మాత్రం మొదట్నించీ చెప్పమని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పగలనో లేదో, అది వేరే.

కొన్నాళ్ళకి అది మార్చి చెప్పడం మొదలుపెట్టింది. సోమవారమ్మకి, అమ్మ కాలు పట్టుకుని రాత్రంతా కూర్చున్నానని చెప్పింది. కూర్చోలేదు. ఆ రాత్రి అది నా దగ్గరే పడుకుంది. డాక్టరుకి కలలు చెప్పింది. నీళ్ళట, పడవట, ఒడ్డు లేదట. ఇది ఏనాడూ పడవ ఎక్కిన పాపాన పోలేదు. పోలీసాయనకైతే అమ్మ చచ్చిపోలేదు, ఎవరో తీసుకెళ్ళారు, నువ్వే వెతకాలి అని చెప్పింది. ఆయన ఆరోజు గంటసేపు కూర్చున్నాడు. చీకటి పడుతోంటే లైటు నేనే వేశాను.

ఈరోజు పైన ఆ మూడూ పక్కపక్కన పెట్టుకున్నారు. ఇన్నాళ్ళకి మొట్టమొదటిసారి ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. కూర్చుని ఏం కనిపెట్టారు? పిల్ల అబద్ధాలు ఆడుతోంది, పెద్దవాళ్ళని ఆడిస్తోంది. ఇంట్లో ఉంచి లాభం లేదు.

నేను ఇంతకుముందే అడిగాను దాన్ని, ఎందుకే అలా మార్చి మార్చి చెప్తావు అని. ఏమందో తెలుసా?

‘నిజం తొందరగా అయిపోతుంది తాతయ్యా’ అంది.

అర్థమైందా నీకు? నాకు కాలేదు అప్పుడు. నిజం నాలుగు ముక్కల్లో అయిపోతుంది. వాళ్ళు లేచి చెప్పులేసుకుంటారు. ఏది చెబితే ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారో అది పట్టుకుంది. ఆడించడమంటే అదా? సంతలో కూర్చున్న ప్రతివాడూ చేసే పనే కదా, మనిషి వెళ్ళిపోకుండా ఇంకో మాట కలపడం? ఇప్పుడు నేను నీతో చేస్తున్నదేంటి మరి?

నవ్వావా? నవ్వు, పరవాలేదు.

మంగళవారం సంగతి చెప్పలేదు కదూ.

మంగళవారం అక్క. నువ్వు చూసే ఉంటావు, నీ వరండా చివర ఆ గాజు తలుపు అవతల చిన్న గదిలో కూర్చునేది. ఏదో సేవాసంస్థ పంపిన పిల్ల. స్కూటరు స్టాండు వేయడం కూడా సరిగా రాదు, ఎప్పుడూ ఒక పక్కకి వాలిపోయేది. ఆ అక్క ఒక్కతే మొదట్నించీ చెప్పమనలేదు. కాగితాలు మడవడం నేర్పింది. కప్పలు, కొంగలు, పెట్టెలు. ఇల్లంతా కప్పలే. నా కళ్ళజోడు పెట్టెలో కూడా ఒక కప్ప. ఆ రోజుల్లో ఇది కుర్చీ విసరలేదు, ఎవర్నీ కొరకలేదు, బల్ల కింద దూరలేదు. రాత్రిళ్ళు నిద్రపోయింది. నేనూ పోయాను.

దాంతో బాగుపడింది అని రాశారు. రాసి ఆ అక్కని వేరే బడికి వేశారు. జ్వరం తగ్గితే మందు ఆపేస్తారు, ఒప్పుకుంటాను. మనిషిని ఆపేస్తారా? ఆ అక్క పాపం వెళ్ళేముందు దీనికి మంచిమాటే చెప్పింది. ‘నువ్విప్పుడు చక్కగా ఉన్నావు కదా, అందుకే నేనిక రానక్కర్లేదు’ అని.

పిల్లకి ఏం అర్థమవుతుందమ్మా అందులో? చక్కగా ఉంటే రారు. అంతే కదా?

అప్పట్నుంచి మళ్ళీ మొదలు. మంగళవారాలు మరీ ఎక్కువ. ఆ గాజు తలుపు అద్దం పగిలి నీ చెయ్యి తెగింది ఏ రోజు? మంగళవారమే. పైన ఒక్కరికీ అది తట్టలేదు. తారీకు వేసుకున్నారు గానీ వారం వేసుకోలేదు.

ఇప్పుడు తలుపు దగ్గరికొద్దాం.

డాక్టరు దీనికొక పసుపు కార్డు ఇప్పించాడు. కోపం పొంగుకొస్తున్నట్టుంటే ఆ కార్డు చూపించి, ఎవర్నీ అడక్కుండా క్లాసులోంచి లేచి వెళ్ళి ఆ చిన్న గదిలో కూర్చోవచ్చు. టీచర్లందరికీ చెప్పారు. మంచి ఏర్పాటు, నేను కాదనను. పోలీసాయన ఇంకొకటి చెప్పాడు. ఈ పిల్ల ఒకసారి పారిపోయింది కాబట్టి ఆ గాజు తలుపు దాటి ఒంటరిగా పోనివ్వొద్దు, గేటు అటువైపే కదా అని. అదీ మంచిదే. పెద్ద మేడం ఇవాళ బల్ల మీద చెయ్యి ఆనించి, రెండు సూచనలూ పూర్తిగా అమలు చేశాం అని చెప్పింది. గర్వంగానే చెప్పింది.

నేను లేచాను. లేచి, ‘మరి ఆ తలుపు దగ్గర నిలబడే ఆయమ్మకి పసుపు కార్డంటే ఏమిటో ఎవరు చెప్పారండీ?’ అని అడిగాను.

నీకు చెప్పారా?

తల ఊపావు. లేదనేగా? నాకు తెలుసు. వాళ్ళకీ ఆ క్షణంలో తెలిసింది. డాక్టరు పోలీసాయన్ని చూశాడు, పోలీసాయన పెద్ద మేడంని చూశాడు, పెద్ద మేడం గడియారాన్ని చూసింది. సోమవారమ్మ గ్లాసు నా వైపు జరిపి, ‘తాతగారూ, మీ ఆవేదన మాకు అర్థమవుతోంది, కాసిని నీళ్ళు తాగండి’ అంది. అని, మీరు కూడా ఓసారి కౌన్సెలింగుకి వస్తే బాగుంటుంది అంది. చూశావా, నన్నూ ఆ ఫైల్లో చేర్చేట్టున్నారు. మిల్లు గేటు దగ్గర మైకు లేకుండా మాట్లాడితే చివరి వరసకి వినపడేది నా గొంతు. ఇవాళ అది ఆవేదన అయిపోయింది. గ్లాసు నీళ్ళతో తగ్గిపోయే ఆవేదన.

ఆ తర్వాతే టీ తెప్పించారు.

సరే, అది కార్డు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నువ్వు తలుపు పట్టుకున్నావు. నిన్ను అలాగే పట్టుకోమన్నారు కాబట్టి పట్టుకున్నావు. నీ తప్పు లేదు. దాన్ని పొమ్మన్నారు, అది వచ్చింది. దాని తప్పూ లేదు. అక్కడిదాకా నాకు తెలుసు.

ఆ తర్వాత తెలీదు. అది తలుపుని తోసిందా? నిన్ను తోసిందా? నీ మొహం చూసి తోసిందా, చూడకుండా తోసిందా? గేటు తోసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, తోసేవాడికి గేటు కనిపిస్తుంది గానీ అవతలి మనిషి కనపడడు. కానీ అది నా సంగతి. దాని సంగతి నాకెలా తెలుస్తుంది?

అడిగాను. సోమవారమ్మకి ఒక కథ చెప్పింది, పోలీసాయనకి ఇంకోటి చెప్పింది. నేనడిగితే గోడవైపు తిరిగింది. నాకు కథ కూడా దక్కలేదమ్మా. ఆరోజు ఇంటికొచ్చేసరికి ఒక జడ ఊడిపోయి ఉంది, రిబ్బను లేదు. ఎవరితో కొట్లాడి పోగొట్టుకొచ్చావే, మొన్ననే కదా కొన్నాను అని కేకలేశాను. మంచం కింద దూరింది. అన్నం అక్కడికే జరిపాను.

పొద్దున తయారవుతూ నన్నొక మాట అడిగింది. ‘తాతయ్యా, వారమంతా ఇవాళే ఒక గదిలో కూర్చుంటే, మిగతా రోజులు మనింటికి ఎవరొస్తారు?’ అని. నేనున్నాగా అన్నాను. ‘నువ్వు రావుగా, ఉంటావుగా’ అంది.

ఏం చెప్పమంటావు దానికి? ఉండేవాడు లెక్కలోకి రాడు. వచ్చేవాళ్ళే లెక్క.

పైన నన్నూ అడిగారు, ఇంట్లో మీకు తోడు ఎవరున్నారు అని. ఉన్నారండీ అన్నాను. సోమవారం ఒకరొస్తారు, బుధవారం ఒకరు, శుక్రవారం ఒకరు అన్నాను. హాస్యానికన్నాను. ఎవరూ నవ్వలేదు. సోమవారమ్మ తల వంచుకుని ఏదో రాసుకుంది. ఎవరూ లేరు అని రాసుకుని ఉంటుంది.

నిజమేగా మరి.

నీకొకటి చెప్తాను. పైన చెప్పలేదు. పిల్ల మేలు, పిల్ల మేలు అని ఇందాక నేను అరిచిన అరుపులో సగం నా భయమే. అది వెళ్ళిపోతే మా ఇంటికి సోమవారం కూడా రాదు. అల్మరా తెరిచి చూసే ఆవిడ కూడా రాదు. చెప్పులు విడిచే చప్పుడు ఉండదు. ‘టోపీ ఏదీ అంకుల్’ ఉండదు. నాకు ఇంకెవరున్నారు? ఆ హాస్టలు మంచిదేనేమో, నాకేం తెలుసు? అక్కడ ఇంకో మంగళవారం అక్క ఉందేమో. రోజూ ఉంటుందేమో. నేను దాని కోసం కొట్లాడుతున్నానా, నా కోసం దాన్ని పట్టుకుని వేలాడుతున్నానా? జీవితమంతా న్యాయం ఎటుందో గట్టిగా చెప్పినవాణ్ణి, ఇప్పుడు నా నోటిమాట మీద నాకే నమ్మకం లేదు. అందుకే నీ దగ్గరికొచ్చాను. నాకు కావలసింది నేను చెప్తాను, వాళ్ళకి కావలసింది వాళ్ళు చెప్తారు. చూసినదానివి నువ్వు.

ఏ శాఖా లేని ఒట్టి మనిషివి నువ్వు. అందుకే.

సరే. లేస్తాను. ఆ మేకు పట్టుకుని లేవనీ, మోకాళ్ళు...

ఇదేంటమ్మా, ఈ మేకుకి?

నీలం రిబ్బను. బడి రిబ్బనే. అంచు కాల్చి ఉంది చూడు, దారాలు ఊడకుండా కొవ్వొత్తితో నేనే కాలుస్తాను. ఇది మా పిట్టదే.

ఉతికి ఆరేశావా? ఈ మధ్యలో మరక పూర్తిగా పోలేదు. రక్తం మరక వేన్నీళ్ళకి పోదమ్మా, చన్నీళ్ళలో నానబెట్టాలి. ముడి వేసిన చోట నలిగి అలాగే ఉంది. రెండు ముళ్ళు. ఒకదాని మీద ఒకటి, జడకి వేసినట్టు.

కట్టున్న చెయ్యి వెనక్కి దాచుకుంటావేం? నేనేం లాక్కోను.

నువ్వు నీ చేతికి నువ్వే రెండు ముళ్ళు వేసుకోలేవు. ఒంటి చేత్తో ఎవరూ వేసుకోలేరు. వరండాలో ఉన్నది మీరిద్దరే.

వింటున్నావా? పిలుస్తున్నారు పైనుంచి. ‘తాతగారూ’ అంటోంది సోమవారమ్మ. వస్తున్నానండీ. ఒక్క నిమిషం.

చూడమ్మా, నేను బతిమాలడం రాని మనిషిని. నీ ఉద్యోగానికి నేను పూచీ పడతానని కూడా అనలేను, నాకే దిక్కు లేదు. అది నిన్ను తోసి ఉంటే తోసిందని చెప్పు. కావాలనే తోసిందని చెప్పు, నేను నోరెత్తను, సంతకం పెట్టి ఇంటికి పోతాను. కానీ పైకొచ్చి, వాళ్ళందరి ముందు, అద్దం పగిలాక ఈ రిబ్బను జడలోంచి లాగి నీ చేతికి కట్టిందెవరో, అది కూడా చెబుతావా?